ఆరిన తర్వాతి వాసన

పోయిన శుక్రవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు పక్కింటి సునీత తన కొత్త సెంటు సీసా తెచ్చి నా మణికట్టు మీద ఒక్కసారి కొట్టింది. "ఎట్లుంది పెద్దమ్మా?" అని అడిగింది. సాయంత్రం చెప్తానన్నాను. "వాసన చెప్పేదానికి పంచాంగం చూడల్లా ఏంది?" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ. అప్పుడు నా చేతి మీద ఉన్నది నారింజ తొక్క వాసన. పదకొండు దాటేసరికి అది ఎగిరిపోయి, మల్లెల వంటిదేదో పైకి వచ్చింది. నాలుగు గంటలకు మల్లెలూ లేవు. పాత చెక్కపెట్టె తెరిచినట్టు ఒక పొడి వాసన మాత్రం మిగిలింది. ఈ మూడింటినీ విడదీసి చూడడం నాకు నేర్పిన మనిషి పేరు రత్నమ్మ. నంద్యాల బజారులో అత్తర్లు, పన్నీరు, సాంబ్రాణి అమ్మే కొట్టు ఆమెది. నేను అక్కడ లెక్కలు రాయడానికి చేరాను. అందరిలాగే నేనూ ఆమెను అత్తా అనేదాన్ని.

భర్త పోయాక కొట్టును ఒంటిచేత్తో నడిపిన మనిషి. నవ్వడం తక్కువ, నమ్మడం ఇంకా తక్కువ. వర్తకుడు అత్తరు తెస్తే ఆమె బేరం మొదలుపెట్టేది కాదు. ఒక చుక్క తీసి చేతికి రాసి, అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి టీ తెప్పించేది. ఆ చుక్క పూర్తిగా ఆరేదాకా ధర మాట ఎత్తకూడదు. అది ఆ కొట్టు ఆచారం. కొందరు గొణుక్కుంటూ కూర్చునేవారు. కొందరు బస్సు వేళయిందని లేచిపోయేవారు. లేచిపోయినవాళ్ళ వైపు చూసి, "సరుకు మంచిదైతే మనిషికి తొందరేల?" అనేది.

నేను చేరిన రోజే దూది మీద ఒక చుక్క వేసి నా ముక్కు దగ్గర పెట్టింది. "ఏందీ?" అంది.

"గులాబీ అత్తా."

"నీ ముక్కు ఇంకా గడప కాడనే నిలబడింది మ్మే. లోపలికి పోనీ."

అన్నం తిన్నాక మళ్ళీ అదే దూది. గులాబీ కిందుగా మొగలిపువ్వు ఉంది. కొట్టు మూసే ముందు మళ్ళీ అదే. పూలేమీ లేవు, తడిపిన వట్టివేళ్ళ వాసన ఒక్కటే. అప్పుడు చెప్పింది: "పెండ్లిచూపుల్లో అందరూ మంచోళ్లే. అది పైవాసన. నడిమి వాసన కాపురం. అడుగువాసన ఉందే, అది మొగుడు ముసలోడైనంక బయటపడే బుద్ధి. దేన్ని చూసి దుడ్లు ఇస్తావో నువ్వే చెప్పు."

నిమ్మ, నారింజ వంటి తేలిక వాసనలు ముందు వచ్చి ముందే పోతాయి. మన నంద్యాల ఎండకు వీధి మలుపు కూడా దాటవు. పూలు మధ్యాహ్నం దాకా నిలుస్తాయి. చెక్కలు, వేళ్ళు, బంకలు చివరిదాకా అంటిపెట్టుకుంటాయి. అమ్మేవాడు పైవాసన చూపిస్తాడు, కొన్నవాడు అడుగువాసనతో ఇంటికి పోతాడు. నాకు తెలిసిన వ్యాపారమంతా ఇంతే.

అప్పటినుంచి ప్రతి సరుకునూ రోజుకు మూడుసార్లు చూసి చెప్పడం నా పనుల్లో ఒకటైంది. నేర్పుతోందని సంతోషించాను కానీ, ఒక సంగతి మాత్రం నాకు రుచించలేదు. మూత తీశాక ఆమె చూపు సీసా మీద ఉండేది కాదు, నా ముఖం మీద ఉండేది. కనుబొమ్మ కదిలినా పట్టుకునేది. నేను అత్తరు ఇంటికి పట్టుకుపోతున్నానని అనుమానపడుతోందనుకున్నాను. నేనూ తక్కువదాన్ని కాదు. తలలో పూలు మానేశాను. వాసన సబ్బు మానేసి సున్నిపిండితో స్నానం చేశాను. ఎప్పుడు వంగి వాసన చూసినా నా దగ్గర ఏమీ దొరకకూడదని. ఆమె ఒక్కరోజైనా వంగలేదు. "ఏమ్మే, తలలో పూలు ఏమాయె?" అని మాత్రం అడిగింది.

ఒక మధ్యాహ్నం నేను బయటినుంచి వచ్చేసరికి కొట్టు వెనక గదిలో పాలు మాడి, ఆ కంపు వీధిలోకి వస్తోంది. ఆమె ఆ పొయ్యికి రెండు బారల దూరంలో కూర్చుని సీసాలు తుడుస్తోంది. నేను పరుగెత్తి గిన్నె దించాక తలెత్తి, "పాలు పెట్టి యాడికి పోయినావ్?" అని నన్నే తిట్టింది. పాలు పెట్టింది ఆమే. గిన్నె తోముతూ ఆ సంగతి మనసులో పెట్టుకున్నాను.

ఆ తర్వాతి నెలలో ఆళ్లగడ్డ బేరం వచ్చింది. నంద్యాలలో ఒక పెద్ద పెళ్ళికి గంధపు అత్తరు కావాలన్నారు. వచ్చిన ప్రతివారి చేతికీ గుమ్మంలోనే రాస్తారు. బంధువులు రాత్రి దాకా ఉంటారు. అంతమంది చేతుల మీద అడుగువాసన చెడితే తెల్లారేసరికి బజారులో రత్నమ్మ పేరు చెడుతుంది. ఆళ్లగడ్డలో చెన్నయ్య శెట్టి దగ్గర పాత సరుకు ఉందని విని ఇద్దరం బస్సెక్కాం.

శెట్టి సీసా మూత తీశాడు. "మా నాయన కాలందక్కా. పాతదయ్యే కొద్దీ గంధం మాగుతాది, నీకు తెలీందేముంది?"

తీసీతీయగానే గంధం గది నిండా గుప్పుమంది. అసలైన గంధం మొదట పలకదని, ఒంటి వేడికి మెల్లగా విచ్చుకుంటుందని, మొదటే అరిచేది గంధం కాదని నాకు చెప్పింది ఆమే. ఇప్పుడు ఆమే దూది ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుందిలే చెన్నయ్యా" అంది. వీళ్ళిద్దరూ కలిసిపోయారా? చెడ్డ సరుకు పెళ్ళివారికి అంటగట్టే ఎత్తా ఇది? అంతలో ఆమె నా వైపు తిరిగింది. ముఖమంతా వెతికినట్టు చూసి, "నువ్వేమంటావ్ మ్మే?" అంది.

"ఆరనీ అత్తా," అని ఒక చుక్క నా చేతికీ, ఒకటి ఆమె చేతికీ రాశాను.

శెట్టి నవ్వాడు. "లెక్కలు రాసే ఆమెకు గంధం సంగతి ఏం తెలుసక్కా? నాలుగింటి బస్సు పోతే మళ్ళా శానాసేపు లేదు."

"పోనీలే. టీ చెప్పు," అంది ఆమె.

బస్సు పోయింది. ఎండ వాలేసరికి నా చేతి మీద గంధం జాడ లేదు. "ఏందీ?" అని అడిగింది. ఎండలో పెట్టిన ప్లాస్టిక్ బిందె వాసన అన్నాను. ఆమె తన చేయి ముక్కు దగ్గరికి తీసుకోనైనా లేదు. కొంగు దులుపుకుని లేచింది. "పోదాం పా."

తర్వాతి బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటాక నేనే అడిగాను: "వాసన ఎప్పటినుంచి తెలీడం లేదు అత్తా?"

"నువ్వు రాకముందు జొరమొచ్చింది. అప్పటినుంచి తగ్గుతా వచ్చి, ఇప్పుడు ఏం లేదు. యాడన్నా అన్నావంటే రేపటినుంచి ప్రతివాడూ ఆముదం తెచ్చి అత్తరని పోస్తాడు."

"నన్ను నమ్మి ఇన్నాళ్ళు..."

"నిన్ను నమ్మినానని ఎవరు చెప్పినారు? నువ్వు చెప్పిందంతా సాయంత్రం పూలమ్మే ఈశ్వరమ్మను పిలిచి, ఆమె ముక్కు కాడ పెట్టి సరి చూసుకుంటాండా. ఒక్కసారన్నా తప్పుంటే నిన్ను ఎప్పుడో పంపిద్దును."

నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఆమె నన్ను చూసినది దొంగను చూసినట్టు కాదు. తనకు అందని దాన్ని నా ముఖంలో చదువుకుంది. పెళ్ళికి గంధం వేరేచోట నుంచి తెప్పించాం. ఆ తర్వాత కొట్టు మూసేదాకా ఆమె ముక్కు నేనే. ఈశ్వరమ్మను పిలవడం మాత్రం ఆమె ఎన్నడూ మానలేదు. అదీ సబబే.

ఇప్పటికీ నేను ఏ మాటనూ, ఏ మనిషినీ మొదటి పూట నమ్మను. అనుమానపు మనిషినని మా వీధిలో పేరుంది. నాకు అభ్యంతరం లేదు. ఆరేదాకా ఆగడాన్ని అనుమానం అంటే అననీ.

ఆమె మంచాన పడ్డ రోజుల్లో ఒకసారి, ఏ వాసన ఎప్పుడు పోయిందని అడిగాను. దాపరికం లేకుండా వరుసగా చెప్పింది. అదే వరుసలో ఇక్కడ రాస్తున్నాను. మొదట నిమ్మకాయ పోయింది. తర్వాత మల్లె, సంపెంగ, ఉదయం కాచిన కాఫీ. ఆపైన సాంబ్రాణి. భర్త చొక్కా ఒకటి పెట్టెలో దాచుకుంది, దాని వాసన ఉగాదికి పోయింది. గంధం అన్నిటికంటే చివర పోయింది. ఆ తర్వాత పుట్టిన మనవరాలి తల వాసన ఆమెకు దొరకనే లేదు.