పాటల డబ్బాకు పురి

పాటల డబ్బా మగ్గం గుంటలో పడింది. ఊరికే పడినా బాగుండేది, రాతి అంచుకు తగిలి మరీ పడింది. నోటిదాకా వచ్చిన తిట్టును మార్కండేయ నోట్లోనే మింగాడు. తిట్టినా వినడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు గనుక!

ధర్మవరంలో నేతపనికి కొదవ లేదు గానీ, మార్కండేయ వీధిలో మాత్రం చేతిమగ్గం ఆయనదొక్కటే మిగిలింది. తక్కినవాళ్లలో కొందరు మరమగ్గాలకు మారారు, కొందరు బెంగళూరు దారి పట్టారు. భార్య జ్యోతిలక్ష్మి ఉన్నన్నాళ్లూ పక్కన కూర్చుని అంచుకు పోగు దూర్చే నాడె అందించేది, అందిస్తూ వీధిలో అందరి సంగతులూ ఏకరువు పెట్టేది. పిల్లలు లేరు. ఆమె పోయాక ఆయన ఒక్క మనిషి నేయగలిగిన చీరలే నేస్తున్నాడు. ఇంట్లో ఆ నిశ్శబ్దం భరించలేక కొన్నదే ఆ డబ్బా. అరచేతిలో పట్టేంత ఉంటుంది, మెమరీ కార్డు పెడితే పొద్దంతా పాడుతుంది. ఏ పాటలన్నది ఆయనకు పట్టదు. ఎవరో ఒకరి గొంతు వినపడాలి, అంతే.

డబ్బా తీసి మీట నొక్కాడు. ఎర్ర లైటు వెలిగింది, గొంతు మాత్రం లేదు. కార్డు తీసి పంచెకు తుడిచి మళ్లీ పెట్టాడు. చార్జింగు పెట్టి చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదో లొటలొటలాడింది. సరే, చూద్దామని మరలు విప్పాడు. స్పీకరుకు పోయే సన్న తీగ తెగి వేలాడుతోంది. ఓస్, ఇంతేనా! తెగిన పోగు అతకడం ఆయనకు ఒకరు నేర్పాలా? వేళ్లకు ఇంత బూడిద రాసుకుని, రెండు కొసలూ కలిపి, పట్టుపోగుకు పెట్టినట్టే సన్నగా పురి పెట్టాడు. అతుకు ఎక్కడుందో కనిపించనంత ముచ్చటగా కుదిరింది. డబ్బా మాత్రం కిక్కురుమనలేదు.

ఆ పూట మగ్గం సాగలేదు. నాడె ఒక్కటే అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంటే దిగులు పట్టుకుంది. అన్నం కూడా సయించలేదు.

మరునాడు డబ్బాను సంచిలో వేసుకుని బస్టాండు దగ్గరి సెల్‌ రిపేరీ అంగడికి పోయాడు. ఆ అంగడి నాగేశ్వరది. అతనూ మగ్గాల ఇంట పుట్టినవాడే. మగ్గం అమ్మేసి ఈ పని పట్టాడు. డబ్బా విప్పి చూసి పగలబడి నవ్వాడు.

"ఏమన్నా ఇది! కరెంటు తీగకు బూడిద పూసి పురి పెట్టినావా?"

"పోగు తెగితే అట్లే కదప్పా అతికేది?" అన్నాడు మార్కండేయ.

"పోగుకు తొడుగు ఉండదన్నా, దీనికి ఉంటాది. పైన ప్లాస్టిక్ గీకకపోతే కరెంటు యాడనుంచి పోతాది? దానికి తోడు బూడిద ఒకటి! నిజం చెప్తాండా, అతుకు మాత్రం భలే ఉండాది. విప్పబుద్ధి కాలే."

మార్కండేయ కూడా నవ్వాడు. తన నవ్వు తనకే కొత్తగా వినిపించింది. నాగేశ్వర తీగ గీకి టంకం పెడుతూ చిన్నప్పటి మగ్గం సంగతులు ఎత్తుకున్నాడు. పోగు తెగితే వాళ్ల నాయన తిట్టే తిట్లన్నీ తిట్టి చూపించాడు. మధ్యలో టీ వచ్చింది. అంతలో డబ్బా పాడనే పాడింది. ఇక కూర్చోవడానికి సాకు లేక మార్కండేయ లేచాడు.

ఇంట్లో డబ్బా గొంతు చించుకుని పాడింది. పాడితే పాడింది, అది "అన్నా" అని పిలుస్తుందా? టీ తాగుతావా అని అడుగుతుందా? కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం మరలు విప్పి, పోగులు కోసే చిన్న కత్తితో ఆ తీగను తానే టుక్కున కోశాడు. సిగ్గేసింది. సిగ్గుపడుతూనే సంచి భుజాన వేసుకున్నాడు.

"మళ్లా పడిందప్పా," అన్నాడు అంగట్లో, నాగేశ్వర మొహం చూడకుండా.

నాగేశ్వర తీగ కొసను లైటు కింద పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. తెగిన కొస పీచుపీచుగా ఉంటుంది, ఇది నున్నగా ఉంది. మగ్గం మీద పెరిగినవాడికి ఆ తేడా తెలియకుండా ఉంటుందా? మార్కండేయ ఖాళీ సంచిని మడతపెట్టడం మొదలుపెట్టాడు. ముసలోడికి పిచ్చి పట్టిందని నలుగురిలో అనేస్తే, ఊళ్లో తనకున్న ఈ ఒక్క గడప కూడా పోయినట్టే.

నాగేశ్వర తీగ గీకి, టంకం పెట్టి, దాని మీద జిగురు దట్టంగా పూసి మూత బిగించాడు.

"ఇంగ నువ్వు కోసినా తెగదన్నా," అన్నాడు మెల్లగా. "రేపు వస్తే దీన్ని ఇంట్లో పెట్టి రా."

మార్కండేయ డబ్బా పట్టుకుని గబగబా నడిచాడు. దారి పొడుగునా మొహం కాలిపోయింది. ఇంటికొచ్చి తలుపు వేసుకుని ఏడ్చాడు. పట్టుబడినందుకు కొంత, రమ్మన్నందుకు చాలా. ఆయనను ఒకరు రమ్మని ఎన్నాళ్లయిందో!

మరునాడు బయలుదేరాడు. సంచి లేకపోయేసరికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అంగడి ముందు జనం ఫోన్లు పట్టుకుని నిలబడి ఉన్నారు. రోడ్డుకు ఇవతలే ఎండలో నిలబడి, తిరిగి పోదామా అనుకున్నాడు. కాస్త దూరం పోయాడు కూడా. మళ్లీ వచ్చి రోడ్డు దాటాడు.

వరుసలో ముందున్న ఆడమనిషి ఆయన ఖాళీ చేతులకేసి చూసి, "నీదేమి చెడిపోయిందన్నా?" అని అడిగింది.

మార్కండేయ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏమీ చెడిపోలేదమ్మా," అన్నాడు. "ఊరికే వచ్చినా."