గద్వాల ల్యాబ్ సారు, నా మొదటి గిరాకీ

మొన్న పొద్దున గద్వాల నుంచి ఫోన్ వచ్చింది. "అక్కా, మా అబ్బా పోయిండు. నిద్రలనే పోయిండు," అన్నాడు ల్యాబ్ సారు కొడుకు.

వనపర్తిలో నా చిన్న కంప్యూటర్ దుకాణానికి ఆయన మొదటి గిరాకీ. ఆస్పత్రులకు, ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసి అమ్మే వ్యాపారం మా దిక్కు నడుస్తుందని నాకే నమ్మకం లేదప్పుడు. ఆయన నమ్మారు.

గద్వాలలో ఆయనది రెండు గదుల రక్తపరీక్షల ల్యాబ్. వచ్చిన రైతులను సూది గుచ్చే ముందు "ఈసారి ఏమేసినవ్, పత్తా, పల్లీలా?" అని అడిగేవారు. వాళ్లు వానల సంగతి ఎత్తుకునేలోపల రక్తం తీయడం అయిపోయేది. స్పిరిట్ దూదితో కళ్లద్దాలు తుడుచుకునే అలవాటుండేది. నేను పెట్టిచ్చిన కంప్యూటర్‌కు ఇంటావిడ పాత దుపట్టా కప్పేవారు. కానీ చేతిరాత రిజిస్టరు మాత్రం వదలలేదు. కంప్యూటర్ కొన్నాక కూడా ఆయన రాసుకోవడం నాకు నామోషీగా ఉండేది. వేరే గిరాకీలు చూస్తే ఏమనుకుంటారని.

పేరు కొడితే పాత వివరాలు వాటంతటవే వచ్చేలా చేశాన్నేను. టైపు పని తగ్గుతుందని, అదే గొప్పగా చెప్పి అమ్మాను. ఒకరోజు అదే కొంప ముంచింది. షుగరున్న లక్ష్మమ్మ చేతికి, ఏ జబ్బూ లేని ఇంకో లక్ష్మమ్మ రిపోర్టు పోయింది. రెండు రోజుల తర్వాత రిజిస్టరుతో సరిచూస్తుంటే సారుకు తెలిసింది. వెంటనే స్కూటరేసుకుని అయిజ దిక్కున్న ఆమె ఊరికి పోయారు. రోగం తగ్గిందనుకుని ఆమె అప్పటికే మాత్రలు మానేసింది. తప్పయిందని చెప్పి, మళ్లీ రక్తం తీసుకుని, ఆమె మాత్రలు వేసుకున్నాకే ఆ ఇంట్లోంచి లేచారు.

సంగతి తెలిసి నేను పరుగున గద్వాల పోయాను. "కంప్యూటర్ తప్పని చెప్పిన్రా సారూ?" అనడిగాను.

"కాగితం మీద సంతకం నాదున్నది కద బేటీ. కంప్యూటర్ పేరెట్ల చెప్త?"

"నా సామాను నేను తీసుకపోత."

"తీసుకపోయి ఏం చేస్తవ్? ఇంకొకరికి అమ్ముతవ్. ఆడ గూడ గిట్లనే అయితది. ఈడ కూసో. సక్కగ జేసి పో."

మూడు రోజులు ఆ బెంచీ మీదే కూర్చుని మార్చాను. ఇంటిపేరు, ఊరు, వయసు అన్నీ కలిస్తేనే పాత వివరాలు తెరుచుకునేలా చేశాను. తలుపు తోసుకుని వచ్చే ప్రతి మనిషినీ చూపించి, "వీళ్ల పేరు గల్లోళ్లు ఆ ఊర్ల ఎంతమందో అడుగు," అనేవారు సారు.

అయిదారు నెలలకు నాగర్‌కర్నూలులో ఒక పెద్ద ఆస్పత్రి నా సాఫ్ట్‌వేర్ కొనడానికి ఒప్పుకుంది. దాంతో దుకాణం నిలబడుతుందనుకున్నాను. అక్కడి డాక్టరు కొనేముందు, నా పాత గిరాకీ కదా అని సారుకు ఫోన్ చేసి అడిగితే, ఆయన లక్ష్మమ్మ సంగతి మొత్తం చెప్పేశారు. బేరం హైదరాబాద్ కంపెనీకి పోయింది.

"గా ముచ్చట చెప్పకుంటె ఏం పోతుండె సారూ?" అన్నాను.

"జర ఆలోచించు బేటీ. ఆయన నన్ను నీ బేరం గురించి అడగలే. ఆయన పేషెంట్ల గురించి అడిగిండు."

నేను చాలా నెలలు గద్వాల పోలేదు. దారిలో బీచుపల్లి వంతెన దాటాలంటేనే కోపం వచ్చేది. దుకాణం మూసే దాకా వచ్చింది.

ఆ మీదట అచ్చంపేటలో ఒక నర్సింగ్ హోముకు పోయాను. అన్నీ చూపించాక, ఎందుకో ఆగలేక, ఆ తప్పు సంగతి నేనే చెప్పాను. ఎలా జరిగిందో, ఎలా సరిచేశామో అంతా. ఆ డాక్టరు నన్ను కూర్చోమని, అంతవరకు ఎవరూ అడగని ప్రశ్నలు అడిగారు. నెల రోజులు వాడి చూస్తానన్నారు. ఇప్పటికీ వాడుతున్నారు.

సారుకు ఫోన్ చేసి చెప్పాను. "మంచిది బేటీ," అన్నారు. ఆ వెంటనే, "ప్రింటర్ రిబ్బన్ అయిపోయింది. వచ్చేటప్పుడు పట్కరా," అన్నారు. నేను అలిగి అన్ని నెలలు రాలేదన్న మాట ఆయన ఆ రోజే కాదు, ఎప్పుడూ ఎత్తలేదు.

నిన్న వాళ్లింట్లో అందరినీ పలకరించి, తిరిగి వస్తూ ల్యాబ్ ముందు నిలబడ్డాను. తాళం వేసుంది. మెట్టు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. సంగతి ఆమెకు అప్పుడే పక్క దుకాణం వాళ్లు చెప్పారట. చేతిలో నాలుగు మడతల రిపోర్టు.

"నీకు సదువొస్తదా బిడ్డా?"

పక్కన కూర్చుని చదివాను. రక్తం కొంచెం పెరిగిందని చెప్పాను. ఆమె తలూపి, తాళం దిక్కు చూసింది.

"ఆయన గట్టిగ సదువుతుండె," అంది.

నేను కాగితం విప్పి, మొదటి నుంచి మళ్లీ చదివాను. ఈసారి గట్టిగా.