మెరుపు నీళ్లు

కంబోడియాలోని టోన్లే సాప్ సరస్సు మీద తేలే ఇళ్లలో, మొగుడు పోయినప్పటినుంచీ నారెత్ నీళ్లు కాచి అమ్ముకునే బతికింది. సరస్సు నీళ్లకు పటిక వేసి తేర్చి, పెద్ద డేగిసాలో తెర్లకాచి, చల్లార్చి, పడవలో ఇంటింటికీ పోసేది. పొగకి ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

ఒక వానాకాలం పట్నం నుంచి ఇంజనీర్లు వచ్చి బడి తెప్ప మీద ప్లాస్మా యంత్రం పెట్టారు. గాజుగొట్టంలో పారే నీళ్లలో కరెంటు ఊదారంగు మెరుపై చిటపటలాడేది. ఆ మెరుపుకి రోగాల క్రిములు చస్తాయన్నారు. నీళ్లు ఊరికే ఇచ్చారు. నారెత్ పొయ్యి ఆరిపోయింది.

ఆమె ఊరుకోలేదు. "ఆ పిడుగు నీళ్లు తాగితే కడుపు పండదర్రా, ఒట్టు!" అని ఊరంతా చెప్పింది. అది అబద్ధమని ఆమెకీ తెలుసు. పక్కింటి చెండా ఆ నీళ్లే తాగి, మరుసటేడు కొడుకును చంకనేసుకొచ్చింది.

"చూడు పిన్నీ, నీ పిడుగు ఎంత ముద్దుగా ఉన్నాడో!"

చుట్టూ పడవల్లోని ఆడవాళ్లు పకపకా నవ్వారు. అప్పటినుంచి నారెత్ వలలు అల్లుకుంటూ, తనూ బిందె పట్టుకుని బడి దగ్గరికే వెళ్లేది.

ఇంజనీర్లు తమ పరీక్షలు ముగించుకుని వెళ్లిపోయారు. ఆ ఎండాకాలం సరస్సు బురదగా మారిన రోజుల్లో, గొట్టంలో మెరుపు లేకపోవడం నారెత్ చూసింది. చిటపటలూ లేవు. కొళాయిలో నీళ్లు మాత్రం ఎప్పటిలాగే వస్తున్నాయి.

"చెండా, మిషను చచ్చిందే. వచ్చేవి ఒట్టి సరస్సు నీళ్లు. పిల్లాడికి కాచి పట్టు."

"మళ్లీ మొదలెట్టావా పిన్నీ? పొయ్యి రాజేసుకోవాలనుంటే చెప్పు, పుల్లలు నేనిస్తా."

"నా బేరం బుగ్గయిపోనీ! ఒక్కసారి వచ్చి చూడవే, ఒట్టు."

"ఆ రోజూ ఒట్టే వేశావుగా."

నారెత్ తనే ఒక కుండెడు కాచి వాళ్ల గుమ్మంలో పెట్టింది. చెండా అత్తగారు దాన్ని సరస్సులో ఒంపేసింది.

పిల్లాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఆస్పత్రి రేవుకి పడవ చేరేలోపే ప్రాణం పోయింది. ఇంకా చాలా ఇళ్లలో మంచం పట్టారు. అప్పుడు ఊరిపెద్ద యంత్రాన్ని విప్పించి చూసి, నేరుగా నారెత్ దగ్గరికి వచ్చాడు.

"పొయ్యి వెలిగించక్కా," అన్నాడు తల దించుకుని.

పిల్లాడి కోసం భిక్షువులు చేసిన ప్రార్థన అయ్యాక నారెత్ చెండా చెయ్యి పట్టుకోబోయింది. చెండా వెనక్కి లాక్కుంది.

"నువ్వు కోరుకున్నదే అయింది కదా పిన్నీ. ఇక వెళ్లు."

నారెత్ వెనుదిరిగి తన పడవ ఎక్కింది. కాదని చెప్పినా నమ్మేదెవరు?

ఇప్పుడు ఆమె బేరం మునుపటికంటే బాగా సాగుతోంది. ఆ ఒక్క ఇంటి ముందు మాత్రం తెడ్డు పైకి తీసి, అలికిడి లేకుండా పడవను పోనిస్తుంది.