యాభై రాళ్లకు నలభై ఆరు

పొద్దున్నే షెడ్డుకు నడిచి వెళ్లేటప్పుడు ప్రభుదాసు దారిలో ఆగి ఉన్న బండ్ల టైర్ల మీది సైజు అంకెలు చదువుతాడు. లారీ అయినా, టెంపో అయినా, ఎవరిదో ఫియట్ కారు అయినా సరే. కొంచెం వంగి, బురద అంటి ఉంటే బొటనవేలితో తుడిచి, అంకె చూసుకుని మళ్లీ నడుస్తాడు. భివండిలోని మా పద్మనగర్‌లో అందరికీ ఇది అలవాటైపోయింది. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం ఆయన టైర్ల వ్యాపారి అనుకుంటారు. ఆయనకు బండి లేదు. ఆయన మర మగ్గాల జాబర్.

జాబర్ అంటే ఆగిన మగ్గాన్ని నడిపించేవాడు. గుడ్డ పలచగా కావాలన్నా చిక్కగా కావాలన్నా మగ్గం పక్కనుండే పళ్ల చక్రాన్ని మార్చేది కూడా ఆయనే. చక్రం మారితే అంగుళానికి పడే పేక పోగుల లెక్క మారుతుంది. ఏ చక్రానికి ఎన్ని పోగులో ప్రభుదాసు కాగితం చూడకుండా చెప్పేవాడు. కరీంనగర్ వైపు మిషన్ బడిలో ఏడో తరగతి దాకా చదువుకున్నాడు కాబట్టి, షెడ్డు యజమాని సేఠ్ ఆయనకు ఇంకో పని కూడా అప్పగించాడు. అది షెడ్డు జీపు పుస్తకం. ప్రతి శనివారం మీటరు చూసి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో, ఎన్ని లీటర్ల పెట్రోలు పోశారో రాయాలి.

ఆ జీపు నడిపేవాడు రాజలింగం. ఊళ్లో భూమి లేక, కూలి దొరక్క భివండి వచ్చినవాడు. అతన్ని ఈ పనిలో పెట్టించింది ప్రభుదాసే. అతనికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చిన రోజు సమ్మవ్వ, అంటే రాజలింగం భార్య, గిన్నె నిండా పాయసం తెచ్చి లీదియా చేతికిచ్చింది. లీదియా ప్రభుదాసు భార్య.

డెబ్భై నాలుగు వానాకాలంలో మగ్గాల షెడ్లుండే శాంతి నగర్ దారంతా బురద. జీపు వారానికి రెండుసార్లు దిగబడేది. టైర్లు కూడా అరిగిపోయాయి. ఆ సైజువి ఎక్కడా దొరకలేదు. బొంబాయిలో పాత మిలటరీ సామాను అమ్మే చోట ఒక నంబరు పెద్దవి దొరికాయి. రిమ్ముకు సరిపోయాయి, మడ్‌గార్డుకు తగలలేదు. ప్రభుదాసు అంతకంటే చూడలేదు. దగ్గరుండి వేయించాడు. జీపు బురదలోంచి సునాయాసంగా బయటికొచ్చింది. సేఠ్ ఆయన భుజం తట్టాడు.

నెల తిరిగేసరికి పుస్తకంలో తేడా కనిపించింది. లీటరుకు ఎనిమిది కిలోమీటర్లు ఇచ్చే బండి ఏడుకు తక్కువే ఇస్తోంది. పెట్రోలు ధర మండిపోతున్న ఏడాది అది. సేఠ్ పిలిచి, బండి ఏమైనా పాడయిందా అని అడిగాడు.

"గాడీ తో ఠీక్ హై, సేఠ్‌జీ," అన్నాడు ప్రభుదాసు.

దొంగ అనే మాట తన నోట రాలేదని ఆయన చాలా రోజులు తనకు తాను చెప్పుకున్నాడు. బండి బాగుందంటే మిగిలింది డ్రైవరేనని సేఠ్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. మరునాడే రాజలింగాన్ని తీసేశాడు. ఐలవ్వ చాయ్ దుకాణం ముందర నలుగురూ పోగయ్యారు. గుడిలో కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పుతానన్నాడు రాజలింగం. తప్పు చేసినవాడి చెయ్యి కాలుతుందని వాళ్ల ఊళ్ల నమ్మకం. అందరూ ప్రభుదాసు వైపు చూశారు. ఆయన సరేనంటే ఆ పూటే తేలిపోయేది.

"గవన్ని మా కిరస్తానోళ్లకు లెవ్వు, లింగం," అన్నాడాయన. "మీటరుకు అబద్ధమాడే పనేముంది?"

అది అందరూ విన్నారు. ఆ తర్వాత రాజలింగానికి డ్రైవర్ పని ఎవరూ ఇవ్వలేదు. 'పెట్రోల్ చోర్' అనే పేరు అతని కంటే ముందు అన్ని షెడ్లకూ చేరింది. శాంతి నగర్‌లో పడుగు చుట్టిన బరువైన ఇనుప దిమ్మెలు మోసే హమాలీగా కుదిరాడు. సమ్మవ్వ కండెలు చుట్టే పనికి వెళ్లింది. దారిలో ఎదురైతే తల పక్కకు తిప్పుకునేది.

కొత్త డ్రైవర్ విఠల్ వచ్చాడు. ఠాణా మనిషి, సేఠ్‌కు తెలిసిన కుటుంబం. మొదటి నెల పుస్తకంలో అదే లెక్క వచ్చింది. రెండో నెలా అదే. ప్రభుదాసుకు అన్నం సహించలేదు. జనవరిలో ఒక రోజు మగ్గం సామాను కొనాలనే మిషతో విఠల్ పక్కన జీపెక్కి బొంబాయి దారి పట్టాడు. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు లెక్కపెడుతూ మీటరు చూస్తూ కూర్చున్నాడు. పది రాళ్లు దాటాక మీటరు తొమ్మిది దాటి కాస్త ముందుంది, అంతే. రాళ్ల లెక్క తప్పానేమో అనుకున్నాడు. యాభయ్యో రాయి దగ్గర మీటరు నలభై ఆరు చూపించింది.

అప్పుడర్థమైంది. చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది. మీటరు లెక్కపెట్టేది దూరాన్ని కాదు, చుట్లను. బండి యాభై తిరిగినా అది నలభై ఆరే అంటుంది. దానికి తోడు బరువైన టైర్లను తిప్పడానికి ఇంజను నిజంగానే కొంత ఎక్కువ తాగుతోంది. పోయిందనుకున్న పెట్రోలంతా ఈ రెండింటిలోనే ఉంది. రాజలింగం చుక్క కూడా ముట్టలేదు.

ఆ సంగతి ఆయన రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. టైర్లు ఎంచింది తను, పుస్తకం రాసింది తను. చెబితే ఉద్యోగం పోతుందన్న భయం కంటే, ఇరవై ఏళ్లు చక్రాలు మార్చిన చేతులకు ఇది తెలియలేదని నలుగురిలో ఒప్పుకోవడం కష్టమనిపించింది. ఇదంతా నాకు చెప్పేటప్పుడు కూడా ఆయన నేల వైపే చూస్తూ చెప్పాడు.

నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, అంటే యేసు పేరిట రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఒకరికి చేసిన తప్పు మనసులో పెట్టుకున్నవాళ్లు దాని దగ్గరికి వెళ్లరు. ఫిబ్రవరిలో ప్రభుదాసు బెంచీ మీంచి లేవలేదు. మార్చిలోనూ లేవలేదు. ఇంటికొచ్చాక లీదియా ఆయన ముందు పళ్లెం పెట్టింది.

"లింగంతోని మాట్లాడినవా?" అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మరి గా బల్ల కాడికి ఎన్నడు పోతవు?"

మరునాడు సేఠ్‌కు చెప్పాడు. సేఠ్ మొదట నమ్మలేదు, తర్వాత నవ్వాడు, అయిపోయిందేదో అయిపోయింది వదిలెయ్ అన్నాడు. ఆ నవ్వు ప్రభుదాసుకు తిట్టు కంటే ఎక్కువ తగిలింది. సాయంత్రం శాంతి నగర్‌కు వెళ్లాడు. రాజలింగం భుజం మీది గోనె పట్టా దించకుండానే మొత్తం విన్నాడు. అంతకుముందు అతను ఆయన్ని అన్నా అనేవాడు.

"జాబర్ సాబ్," అన్నాడు, "ఒక్క పన్ను మారితే ఎన్ని పోగులు తగ్గుతయో నిద్రల లేపి అడిగినా చెప్తవు. జీపుకు గంత పెద్ద చక్రమేసినంక, చక్రం దిక్కు జూడకుంట నా మొఖం జూసినవేంది?"

ప్రభుదాసు క్షమించమన్నాడు. తన ఒక్కడి ముందు చెబితే లాభం లేదని, ఎక్కడ అన్నావో అక్కడే చెప్పమని రాజలింగం అన్నాడు.

మగ్గాలకు సెలవైన శుక్రవారం ప్రభుదాసు షెడ్డు మూలన పడున్న పాత టైరునూ, జీపుకు అదనంగా ఉంచిన కొత్త సైజు స్టెపినీ టైరునూ ఐలవ్వ దుకాణం ముందుకు దొర్లించుకొచ్చాడు. రెండింటికీ సుద్దతో గీత పెట్టి, ఒక్కొక్క చుట్టు దొర్లించి, నేల మీద పడిన దూరాన్ని నూలు పోగుతో కొలిచి చూపించాడు. రెండో పోగు మొదటిదానికంటే దాదాపు జానెడు పొడుగుంది. తర్వాత, తప్పు తనదని, లింగం పెట్రోలు తియ్యలేదని అందరికీ వినబడేలా చెప్పాడు.

"అయితే దొంగ జాబరేనన్నట్టు," అన్నాడు అంకుశం అనే మగ్గం కూలీ. నలుగురు నవ్వారు. ప్రభుదాసు అవునన్నాడు. నవ్వు ఆగిపోయింది. రాజలింగం అంతా అయ్యేదాకా నిలబడి వెళ్లిపోయాడు.

సేఠ్ మళ్లీ పనిలోకి రమ్మని కబురు పంపాడు. రాజలింగం రాలేదు. ఆ షెడ్డు గేటు ఇక దాటనన్నాడు. దొంగ అనే పేరు పోయింది కాబట్టి కొన్నాళ్లకు ఆగ్రా రోడ్డు మీద లారీ నడిపే పని దొరికింది. ప్రభుదాసు జీపు పుస్తకం సేఠ్ బల్ల మీద పెట్టేసి, ఇక రాయనని చెప్పాడు.

ఇది జరిగి నాలుగేళ్లు. ప్రభుదాసుకు ఇప్పుడు యాభై రెండు. పద్మనగర్ చాల్‌లో మూడో గదిలో లీదియాతో ఉంటాడు. రాజలింగం గది అదే వరుసలో చివరిది. ఎదురుపడితే బాగున్నావా అంటే బాగున్నావా అనుకుంటారు. రాజలింగం ఆయన గదిలోకి ఇంతవరకు రాలేదు.