సైకిల్ రాని మిస్త్రీ, రెండు సీట్ల సైకిల్

మా చిన్నప్పుడు... తార్నాకలో మా నాయిన దగ్గర సైకిల్ బాగు చేయించుకున్నవాళ్లంతా వెళ్లేముందు ఒక చక్కర్ కొట్టి రావాల్సిందే. "నువ్వే తొక్కి చూడు సార్, నీ కాలికే తెలుస్తది" అనేవాడు, గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుంటూ. ఎంత నిజాయితీ గల మిస్త్రీ అని జనం మురిసిపోయేవాళ్లు.

అసలు సంగతి మా ఇంట్లోవాళ్లకే తెలుసు. మా నాయినకు సైకిల్ తొక్కడం రాదు.

మొత్తం విప్పగలడు, బిగించగలడు, వంకరపోయిన చక్రాన్ని కంటితో చూసే సరిచేయగలడు... ఎక్కితే మాత్రం పడిపోతాడు. లాలాపేట్‌లో మా ఇంటి నుంచి దుకాణానికి రోజూ నడకే. ఎవరైనా అడిగితే "నడుస్తే పానానికి మంచిది" అనేవాడు. ఇప్పుడు డాక్టర్లంతా అదే మాట చెబుతున్నారు... సరే, ఆ గొడవ మనకెందుకు.

ఒక ఎండాకాలం పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్ హాస్టల్ కుర్రాళ్లకు పిచ్చి పుట్టింది. ఇద్దరు కలిసి తొక్కే సైకిళ్ల మీద పందెం వేసుకోవాలట. రెండు హాస్టళ్లు, రెండు సైకిళ్లు. నాలుగు పాత సైకిళ్లు తెచ్చి మా దుకాణం ముందు పడేశారు.

మా నాయిన లాలాగూడలో వెల్డింగు పని తెలిసిన స్నేహితుణ్ణి బతిమాలి, ఫ్రేములు కోయించి, అతికించి రెండు జోడు సైకిళ్లు తయారు చేశాడు. వెనక హ్యాండిల్ తిరగదు, ఊరికే పట్టుకోవడానికి. బ్రేకులు ముందువాడి చేతిలోనే. పెడళ్లు మాత్రం గొలుసుతో కలిపి ఉంటాయి, ఒకరు తొక్కితే రెండో జతా తిరుగుతుంది. పెళ్లికొడుకును చూడ్డానికి వచ్చినట్టు వచ్చి చూసిపోయారు వీధివాళ్లు.

ఏడో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి నేను. మిగతా చదువంతా శనగల పొట్లాలు విప్పి చదువుకున్నదే. అందులో ఏ కాగితం మీదా జోడు సైకిల్ ఎలా ఎక్కాలో రాయలేదు. ఆ లోటు తర్వాత తెలిసొచ్చింది...

ఆదివారం పొద్దున హాస్టళ్ల దగ్గర జనం పోగయ్యారు. నేనూ మా నాయినా కూడా చూడ్డానికి వెళ్లాం. అక్కడి నుంచి తార్నాక వైపు గేటు దాకా పందెం. తీరా చూస్తే ఒక జోడీలో ఒకడికి జ్వరం, రెండోవాడు చెప్పకుండా ఊరెళ్లాడు. ఇంకో జోడీలో ప్రభాకర్ అనే పొడుగాయన మా నాయిన వైపు తిరిగాడు.

"మిస్త్రీ, నువ్వే ఎక్కు మరి. చేసినోనికి తొక్కరాదా ఏంది?"

సరదాకే అన్నాడు పాపం. మా నాయిన ముఖంలో మాత్రం కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. ఎక్కనంటే ఎందుకని అడుగుతారు. ఎక్కితే పడతాడు. పడితే ఇన్నేళ్ల గుట్టూ ఆ రోడ్డు మీదే. తొక్కడం రాని మిస్త్రీకి రేపటి నుంచి సైకిల్ ఎవరిస్తారు?

నాకప్పుడు పదమూడేళ్లు. బుర్ర పెద్దగా లేదు గానీ నోరుండేది.

"ముందల నేను కూసుంట. మా నాయిన ఎనక" అన్నాను.

మా నాయిన నా చెవి దగ్గరికి వంగి, "సంపుతవారా నన్ను" అన్నాడు.

"నువ్వు ఊకె తొక్కు నాయినా. పడకుంట నేను చూస్కుంట."

అప్పట్లో సైకిల్ ఎక్కడమంటే ఎడమ పెడల్ మీద కాలేసి, నాలుగడుగులు తోసి, కుడికాలు వెనక నుంచి తిప్పి వేయడమే. నేనూ అలాగే తిప్పాను. వెనక సీటు మీద మా నాయిన ఉన్నాడని నా కాలికి గుర్తులేదు... తిన్నగా వెళ్లి ఆయన ఛాతీకి తగిలింది. "పందానికి ముందే తండ్రిని తన్నిండు" అన్నాడెవడో. ఒకటే నవ్వులు.

ఈల వేశారు. కదిలాం. మా నాయిన కర్రలా బిగుసుకుపోయాడు. నేను కుడికి వంగితే ఆయన ఎడమకు వంగుతున్నాడు. సైకిల్ పాములా మెలికలు తిరుగుతోంది. ప్రభాకర్ జోడీ అప్పటికే చాలా దూరం పోయింది.

"నాయినా, బియ్యం బస్తా లెక్క కూసో. నేనెటు వంగితే అటే వంగు. తొక్కుడొక్కటే నీ పని."

"నాకేం కనవడ్తలేదురా, నీ ఈపు తప్ప."

"అదే చూడు."

కాసేపటికి... వెనక బరువు నాతో కలిసిపోయింది. రోజూ లాలాపేట్ నుంచి నడిచిన కాళ్లు పెడళ్ల మీద పడ్డాయి. ఆ తోపుకు నా కాళ్లు నేను తొక్కకుండానే తిరుగుతున్నాయి.

మలుపులో ప్రభాకర్ జోడీని అందుకున్నాం. వాళ్లిద్దరికీ సైకిల్ బాగా వచ్చు. అదే వాళ్ల కర్మ... ముందువాడు ఒకవైపు వంగితే వెనకవాడు తనకు తోచినవైపు వంగుతున్నాడు.

"ఇటు వంగురా బై."

"మంచిగ పోతుంటే బ్రేకెందుకు కొట్టినవ్?"

"నడిపేది నేనా, నువ్వా?"

అది తేలేలోపే వాళ్ల సైకిల్ రోడ్డు దిగి చెట్ల కింద మట్టిలో దిగబడింది. మా బండి మీద ఆ గొడవే లేదు. మా నాయినకు సైకిల్ విషయంలో సొంత అభిప్రాయాలు ఉంటేగా.

వాళ్లు లేచి తరుముకొచ్చారు. గేటు కనిపించేసరికి వాళ్ల ముందు చక్రం మా వెనక చక్రం పక్కకు వచ్చేసింది. "తొక్కు నాయినా" అన్నాను. తొక్కాడు... గేటు దాటాం. మేమే ముందు.

ప్రభాకర్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం తొక్కినవ్ మిస్త్రీ. ఇన్నొద్దులు దాచిపెట్టినవ్ గదా."

తల వంచుకుని ఊరుకుంటే సరిపోయేది. గెలిచిన ధైర్యమో ఏమో, మా నాయిన అందరి ముందూ అనేశాడు. "నాకు సైకిల్ రాదు సార్. ఇయ్యాలనే మొదటిసారి ఎక్కిన."

జనం విరగబడి నవ్వారు. "సూడుర్రి, గెలిచినోడు ఎంత అణిగి మణిగి మాట్లాడ్తుండో" అన్నారు. ఒక్కడు నమ్మితే ఒట్టు.

బోల్టులన్నీ మళ్లీ బిగించి తెమ్మని సైకిల్ మాకే ఇచ్చి పంపారు. తార్నాక చౌరస్తా మీదుగా, అందరూ చూస్తుండగా ఇంటికి బయల్దేరాం. "ఇన్నేండ్లు దాచిన. నోరు తెరిచి చెప్తే ఒక్కడన్న నమ్మడేందిరా" అంటూ మా నాయిన వెనక పడీ పడీ నవ్వుతున్నాడు. సైకిలంతా ఊగిపోయింది. పడలేదు.

మా సందు రాగానే నేను బ్రేకు మీద చెయ్యి వేశాను. "ఆపకురా, మౌలాలి దాకా పోదాం పా" అన్నాడు.

ఇప్పుడూ క్యాంపస్ రోడ్ల మీద పొద్దున్నే సైకిళ్లు కనిపిస్తాయి. ఖరీదైనవి, చప్పుడు లేనివి... చెవుల్లో పాటలు పెట్టుకుని ఎవరికి వారే పోతుంటారు. మా నాయిన లేడు. నా మోకాళ్లూ లేనట్టే. ఆ రోజు వెనక నుంచి వచ్చిన ఆ తోపు లాంటిది మళ్లీ నాకు తగల్లేదు.

మీ అమ్మకో నాన్నకో రాని పనిని, మీరు ముందు కూర్చుని చేయించిన రోజు ఏదైనా ఉందా? రాయండి... ఎవరు నమ్మకపోయినా నేను నమ్ముతాను.