రెండు వారాలు ఆగమన్న పన్ను

మా ఊళ్లో అందరి పళ్లూ ఒకే రంగు. మరాఠీ సరిహద్దున ఉన్న కొర్పనా తాలూకాలో బోరింగు నీళ్లు తాగి పెరిగినవాళ్లం. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేటప్పుడే బెల్లం పాకం పూసినట్టు గోధుమరంగు చారలతో వచ్చేవి. అందరికీ అలాగే ఉండేసరికి అదొక లోపమని ఎవరికీ తోచలేదు. తెల్లటి పళ్లు సిమెంటు ఫ్యాక్టరీ కాలనీకి బదిలీ మీద వచ్చినవాళ్లకు ఉండేవి. వాళ్లు నవ్వితే మాకే వింతగా అనిపించేది.

అది లోపమని నాకు మొదట చెప్పినవాడు కేబుల్ అన్న. గడ్‌చాందూర్ బజారులో వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం ఆయనది. ఎక్కడెక్కడి చానళ్లో ఇళ్లలోకి వచ్చిపడుతున్న రోజులవి. ఆయన మేడ మీద డిష్షు బిగించి, బజారంతా, కాలనీ దాకా తీగలు లాగాడు. అది చాలలేదు. సొంతంగా ఒక చానలు పెడతానన్నాడు. అందులో పత్తి ధరలు, నల్లా నీళ్ల వేళలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, తప్పిపోయిన పశువుల కబుర్లు వస్తాయట. చదవడానికి మరాఠీ, తెలుగు రెండూ వచ్చిన మనిషి కావాలి. అప్పటికి నేను డిగ్రీ పూర్తిచేసి, అమ్మతో కలిసి గడ్‌చాందూర్‌లో ఉంటున్నాను. చదువంతా మరాఠీలోనే. తెలుగు మాట్లాడడమే గాని అక్షరాలు రావు. తెలుగు ప్రకటనల్ని కూడా మరాఠీ అక్షరాల్లో రాసుకుని చదివేస్తానంటే ఆయన ఒప్పుకున్నాడు.

దుకాణం వెనక గదిలో కెమెరా పెట్టి నన్నొకసారి చదివించాడు. తర్వాత టీవీలో వేసుకుని చూశాడు. టీవీ వెనకా ముందూ ఏవేవో మీటలు తిప్పాడు.

"చెల్లె, గొంతు మంచిగున్నది. పండ్లే జర... కలర్ తక్కువ చేస్తే పండ్లు తెల్లగైతున్నయి గాని నువ్వు నీలంగైతున్నవ్."

నిజంగానే తెర మీద నేను నీలంగా ఉన్నాను.

చంద్రపూర్‌లో ఒక పళ్ల డాక్టరమ్మ ఉండేది. నాకు ఆమె ముందే తెలుసు. ఎనిమిదో తరగతిలో బోరింగు పిడి తగిలి ముందుపన్ను మూల విరిగితే ఫిల్లింగ్ పెట్టింది ఆమే. నా పళ్ల రంగుకు సరిపోయే గోధుమరంగు కలపడానికి ఆమె చాలా శ్రమపడింది. పెట్టాక అద్దం చూపించి, ఏది పన్నో ఏది ముక్కో నువ్వే చెప్పు అని మరాఠీలో అడిగి మురిసిపోయింది. ఈసారి పళ్లు తెల్లగా చేయమని వెళ్లేసరికి, తన పనితనమంతా నీళ్లలో పోసినట్టు ముఖం పెట్టింది. అయినా పళ్ల కొలత తీసుకుని, మెత్తటి తొడుగు చేసి, అందులో వేసుకునే మందు ఇచ్చింది. రోజూ అది పెట్టుకుని పడుకోవాలి.

అమ్మకు అది నచ్చలేదు. "ఎడ్లకు చిక్కం కట్టినట్టు ఏంది బిడ్డా ఇది? మీ నాయిన పండ్లు చూసి నేను పెండ్లికి ఒద్దన్ననా?" అనేది. తొడుగుతో నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయేదాన్ని.

కొన్ని వారాలకు చారలు పోయి పళ్లు తెల్లబడ్డాయి. ముక్క మాత్రం మారలేదు. డాక్టరమ్మ కలిపిన గోధుమరంగు ఆమె కలిపినట్టే ఉండిపోయింది. ఫిల్లింగుకు ఈ మందు ఎక్కదని ఆమె ముందే చెప్పింది, నేనే పట్టించుకోలేదు. నోరు తెరిస్తే తెల్లన్నంలో జొన్నగింజ పడ్డట్టుంది. మునుపు నా పళ్లు చూడనివాళ్లు కూడా ఇప్పుడు ఆగి చూస్తున్నారు.

పాతది తీసి తెల్లది పెట్టమని మళ్లీ చంద్రపూర్ వెళ్లాను. కేబుల్ అన్న కూడా వెంట వచ్చాడు. డాక్టరమ్మ చూసి, రెండు వారాలు ఆగి రమ్మంది. తెల్లబరిచే మందు తాలూకు ఆక్సిజన్ ఇంకా పంటిలోనే ఉంటుందట. అది పోయేదాకా అతికించే ద్రవం సరిగ్గా గట్టిపడదట. పైగా ఈ తెలుపు కూడా కొంచెం తగ్గి ఒకచోట నిలవాలట.

"రెండు వారాలా? శుక్రవారం ఓపెనింగ్ ఉన్నది మ్యాడం! బ్యానర్ కట్టేసిన," అన్నాడు కేబుల్ అన్న. ఆమె తల అడ్డంగా ఊపింది.

"అతుకుతలేదంటే నా దగ్గర గమ్మున్నది. డిష్షు కింద అదే పెట్టిన. గాలిదుమారం వచ్చినా ఊడలే."

డాక్టరమ్మ ఆయన్ని బయట కూర్చోమంది. ఆయన బయట కూర్చుని తలుపు సందులోంచి బతిమాలాడు. నేను లోపల బతిమాలాను. చివరికి ఆమె విసిగిపోయి పాతది తీసి, తెల్లది పెట్టి, నీలం లైటు పట్టింది. "ఇది ఊడుతుంది. ఊడినప్పుడు నన్ను అడగొద్దు," అని స్పష్టంగా చెప్పి పంపింది.

శుక్రవారం పొద్దున ఒక పత్తి వ్యాపారి రిబ్బను కత్తిరించి, టీ తాగి వెళ్లిపోయాడు. కెమెరా నిలబెట్టింది, తీగలు చూసుకునేది, అన్నీ కేబుల్ అన్నే. నేను బల్ల ముందు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. పత్తి ధరలు, నీళ్ల వేళలు బాగానే అయ్యాయి. తర్వాత తప్పిపోయిన బర్రె. ఒక కొమ్ము వంకర, ఉప్పర్వాహి దిక్కు మేతకు పోయి తిరిగి రాలేదు. "ఎవరికైనా దొరికితే కేబుల్ దుకాణంలో చెప్ప..." అనేలోగా పంటి మీద ఏదో కదిలింది. మైకుకు టక్కుమని తగిలి ఎటో పడిపోయింది.

నేను నోరు మూసుకున్నాను. కేబుల్ అన్నకు వెంటనే అర్థమైంది. కెమెరా నడుస్తూనే ఉందని మరచిపోయి బల్ల కిందికి దూరాడు. తెర మీద కాసేపు ఆయన వీపు, కాసేపు అరికాళ్లు కనిపించాయని తర్వాత చెప్పారు. నేను కదలకుండా కెమెరాకేసి చూస్తూ కూర్చున్నాను. ఇంతలో కింద నుంచి ఆయన గట్టిగా అరిచాడు.

"దొరికింది! దొరికింది!"

ముక్కను పైకెత్తి పట్టుకుని లేచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి, ఏదో పాటల క్యాసెట్టు పెట్టేశాడు. ఆ పాట పూర్తికాకముందే ఒక పెద్దాయన చేతిలో తాడుతో, రొప్పుతూ గదిలోకి వచ్చాడు. ఎదురుగా ఉన్న హోటల్లో టీవీ చూస్తున్నాడట.

"ఏడ కట్టేసిండ్రు?" అన్నాడు.

"ఏంది మామా?"

"నా బర్రె. దొరికిందన్నరు గదా."

కేబుల్ అన్న కాగితం విప్పి చూపించాడు. "బర్రె కాదు మామా. చెల్లె పన్ను ఊడింది, అది దొరికింది."

పెద్దాయన వంగి ముక్కను చూశాడు. నన్ను చూశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. "గింత తునకకు గంత మొత్తుకునుడా? ఊరంత ఇన్నది దొరికిందని. టీవీల అబద్ధం చెప్తరా? నా బర్రె నాకియ్యిండ్రి," అని తాడు పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. ఆయన వెనకే ఇంకో నలుగురు వచ్చారు. దొరికిన బర్రెను చూడడానికి.

వేరే దారి లేక మళ్లీ కెమెరా ముందు కూర్చున్నాను. ఒక్కొక్క మాటతో పాటు సందులోంచి ఈల వస్తోంది. "ఇందాక దొరికింది బర్రె కాదు. నా పంటి ముక్క. బర్రె ఇంకా దొరకలేదు," అని మొదట తెలుగులో, తర్వాత మరాఠీలో చదివాను. పెద్దాయన పక్కన నిలబడి ఒక్కొక్క మాటా విని, అప్పుడు తాడు తీసుకుని వెళ్లాడు. ఇంటికి వెళ్తే అమ్మ తలుపు దగ్గరే ఉంది. "మంచిగ చదివినవ్ బిడ్డా. గా ఈల ఏంది?" అంది.

తర్వాత రెండు వారాలూ చానలు ఆగలేదు. కేబుల్ అన్న కెమెరాను పైకి జరిపాడు. తెర మీద నా నుదురు, కళ్లు, ముక్కు మాత్రమే వచ్చేవి. సగం బొమ్మే వస్తోందని, పైగా ఈల వేస్తోందని జనం టీవీల నెత్తిన కొట్టడం మొదలుపెట్టారు. కాలనీలో ఒకాయన మెకానిక్కును పిలిపించి టీవీ మొత్తం విప్పించాడట. బర్రె మాత్రం తనంతట తనే ఇల్లు చేరింది. పెద్దాయన వచ్చి, అది కూడా టీవీలో చెప్పమన్నాడు. చెప్పాను. ఏం దొరికిందో ఈసారి స్పష్టంగా చెప్పమని పక్కనే నిలబడ్డాడు.

గడువు తీరాక ఒంటరిగా చంద్రపూర్ వెళ్లాను. డాక్టరమ్మ ఊడిన ముక్క గురించి ఏమీ అడగలేదు. అప్పటికి తెలుపు కాస్త దిగి పాలమీగడ రంగులో నిలిచింది. ఆమె రంగుల బిళ్లలు ఒక్కొక్కటే పంటి పక్కన పెట్టి, కిటికీ వెలుగులోకి నా ముఖం తిప్పి, ఎంతో ఓపికగా వెతికింది. అతికించి, లైటు పట్టి, సాన పట్టాక అద్దం ఇచ్చింది. ఏది పన్నో ఏది ముక్కో నువ్వే చెప్పు అంది. నిజంగానే చెప్పలేకపోయాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

బస్టాండులో జామకాయలు అమ్ముతున్నారు. ఒకటి కొనుక్కుని బస్సెక్కాను. ముందుపళ్లతో గట్టివి కొరకొద్దని ఆమె చెప్పింది గాని, మళ్లీ కెమెరా ముందు ఊడడం కంటే బస్సులో ఊడితేనే నయమనిపించింది. కళ్లు మూసుకుని కొరికాను. కాయ విరిగింది, ముక్క ఊడలేదు. పక్క సీటామె నన్నే చూస్తోంది. కాసేపయ్యాక అడిగింది.

"నువ్వు టీవీల ఈల కొట్టే పిల్లవే గదా?"