ఆపి ఉంచిన సీటు

దయ్యాల మాట ఎత్తితే నాకు భయం కాదు, విసుగొస్తుంది. ఆస్ట్రేలియాలో, టూవూంబా అనే ఊళ్లో, ఒక ఆసుపత్రిలో నర్సుని. ప్రాణం పోయినవాళ్ల ఒళ్లు తుడిచి, దుప్పటి కప్పి, చేతులు కడుక్కుని టీ తాగి మళ్లీ డ్యూటీ చేసినదాన్ని. ఏ వార్డులోనూ ఎవరూ లేచి నాతో మాట్లాడలేదు. జిన్నుల కథలు చెప్పే మా పెద్దవాళ్ల నోళ్లు కూడా నేనే మూయించేదాన్ని. ఇప్పుడు ఇది రాస్తున్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు రాస్తాను.

మా నాన్న పేరు మస్తాన్. నరసరావుపేటలో బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకున్నవాళ్లకూ, ఆ తువ్వాలు తీసి కూర్చున్నవాళ్లకూ మధ్య తగాదాలు తీర్చడంలోనే ఆయన ఉద్యోగం సగం గడిచింది. తువ్వాలు వేసేవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. రిటైరయ్యాక చూస్తే తనే వేయడం మొదలుపెట్టాడు. అడిగితే, "ఇన్నాళ్లూ వాళ్ల సుఖమేందో తెలీలేదమ్మా" అన్నాడు.

నాన్న మా దగ్గరికి వచ్చినప్పుడు, నేనూ, మా ఆయన ఖాజా, కూతురు సారా, అందరం కలిసి జర్మనీ వెళ్లాం. న్యూరెంబర్గ్‌లో గది తీసుకున్నాం. కోట, పాత గోడలు, రాళ్లు పరిచిన వీధులు చూడ్డం, రోజు విడిచి రోజు రైలెక్కి చుట్టుపక్కల చిన్న ఊళ్లకు వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం, ఇదీ మా కార్యక్రమం. నాన్నకు కోటలకన్నా రైళ్లే నచ్చాయి. "టికెట్ ఎవరు కొడతారమ్మా మరి?" అని ఎక్కిన ప్రతిసారీ అడిగేవాడు.

టూవూంబాలో మేం గుమ్మం దిగితే కారే ఎక్కుతాం. రైళ్ల సంగతి మాకు ఒక్క ముక్క తెలియదు. ఆ దేశంలో కొన్ని బండ్లు రెండు రైళ్లు జతచేసినట్టుగా బయల్దేరతాయి. దారిలో ఒక జంక్షన్‌లో విడిపోయి, ముందు సగం ఒక ఊరికీ వెనక సగం ఇంకో ఊరికీ పోతాయి. లోపల్నుంచి ఒక సగంలోంచి ఇంకో సగంలోకి దారి ఉండదు. బోర్డు మీద రాసే ఉంటుంది. చదివింది ఎవరు?

ఆ రోజు స్టేషన్లో జనం ఎక్కువ. బండి రాగానే నాన్నలో పాత ప్రయాణికులందరూ ఒక్కసారిగా మేల్కొన్నారు. ఎండగా ఉందని కోటు విప్పి నా చేతికిచ్చి, ఎర్ర గళ్ల తువ్వాలు పట్టుకుని ముందు పెట్టెల వైపు పరుగు తీశాడు. మేం సారాను పట్టుకుని దగ్గరున్న వెనక పెట్టెలో ఎక్కాం. లోపల్నుంచి నడిచి వెళ్దామంటే దారి లేదు. జంక్షన్‌లో దిగి ముందుకు పరుగెత్తాం. మా కళ్లముందే ముందు సగం కదిలిపోయింది. కిటికీ దగ్గర నాన్న తువ్వాలు చూపిస్తూ, "ఆపాను, రండి" అన్నట్టు చెయ్యి ఊపుతున్నాడు.

నా చేతిలో ఆయన కోటు. కోటు జేబుల్లో ఆయన ఫోను, గది అడ్రసు, గ్లూకోజు బిళ్లలు. నా సంచిలో ఆయన టిఫిన్ డబ్బా. పొద్దున ఇన్సులిన్ ఇచ్చింది నేనే. రైల్లో కూర్చున్నాక తింటానన్నాడు.

ఇన్సులిన్ ఎక్కి, తిండి పడకపోతే ఏమవుతుందో నాకు పుస్తకం చూసి చెప్పక్కర్లేదు. చెమట, వణుకు, మాట తడబడడం, తర్వాత స్పృహ తప్పడం. ఆ తర్వాతది కూడా తెలుసు. ఆ వరస అంతా నా తలలో తిరుగుతూనే ఉంది. పక్కన ఇంకెవరైనా ఉంటే వాళ్లు దేవుణ్ణి తల్చుకునేవాళ్లు. నాకు దువా కూడా నోటికి రాలేదు.

తర్వాతి బండిలో అదే దారిన చివరి ఊరిదాకా వెళ్లాం. దారిలో ఆగిన ప్రతి స్టాపులోనూ తలుపు దగ్గర నిలబడి చూశాం. నాన్న లేడు. చివరి స్టేషన్లోనూ లేడు. టికెట్ కిటికీ మూసి ఉంది. ఒక మెషీను, స్తంభానికి ఒక స్పీకరు, అంతే. ఖాజా పోలీసులకు ఫోన్ చేశాడు. వస్తున్నాం, అక్కడే ఉండండి అన్నారు. నేను ప్లాట్‌ఫాం మీద కూలబడి ఏడ్చాను. సారా నా కొంగు పట్టుకున్నట్టు నా సంచి పట్టుకుని నిలబడింది.

అప్పుడు స్పీకరు గరగరమంది. ముందు దగ్గు వినబడింది, గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు. తర్వాత తెలుగు. మన బస్టాండు మైకులో వినబడే మగ గొంతు, అదే సాగదీత.

"కండక్టరు మస్తాన్ గారి అమ్మాయి నజ్మా ఎక్కడున్నా వినవలెను. మీ నాన్నగారు ఇక్కడికి రెండో స్టాపులో, సైకిళ్ల షెడ్డు వెనక కూర్చుని ఉన్నారు. వెంటనే బయల్దేరి రావలెను."

నేను ఖాజా మొహం చూశాను. "ఏమైంది? ఏదో జర్మన్‌ల చెప్పిండు" అన్నాడు. తనకు తెలుగు వినబడలేదు. ఇవాళ్టికీ అదే మాట మీద ఉన్నాడు. దిగులులో నాకు నేనే ఊహించుకున్నానని నేనూ ఒప్పుకునేదాన్నే. కానీ సారా నా చెయ్యి లాగి, "మమ్మీ, హూ ఈజ్ దట్ తాత? వై ఈజ్ హి కాఫింగ్?" అంది.

వచ్చిన బండే తిరిగి వెళ్లడానికి ఎదురుగా నిలబడి ఉంది. పోలీసుల కోసం ఖాజాను అక్కడే వదిలి, పిల్లను తీసుకుని ఎక్కేశాను. రెండో స్టాపులో దిగాను. మనిషి లేని స్టాపు. సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డు వెనక, రైల్లోంచి కనబడని చోట, ఒక బెంచీ. నాన్న ఒక చివర ఒరిగిపోయి ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది, కళ్లు తెరిచే ఉన్నా నన్ను గుర్తుపట్టడం లేదు. బెంచీ మీద మిగతా చోటంతా ఎర్ర తువ్వాలు నీటుగా పరిచి ఉంది.

గ్లూకోజు బిళ్లలు నలిపి నీళ్లలో కలిపి గుటక గుటకగా తాగించాను. వణుకు తగ్గింది. కాసేపటికి కళ్లు నా మీద నిలిచాయి. "వచ్చారా? కూర్చోండి. మీకోసమే ఆపాను" అన్నాడు. నేను తువ్వాలు తీయకుండా దాని మీదే కూర్చుని ఆయన్ను పట్టుకుని గట్టిగా ఏడ్చాను.

నేను ఫోన్ చేస్తే ఖాజా పిలిపించిన అంబులెన్సు వాళ్లు చూసి, ఇప్పుడు పరవాలేదన్నారు. డబ్బాలోది తిన్నాక నాన్న తేరుకున్నాడు. మేం రాలేదని వెనక్కి వద్దామని దిగాడట. కళ్లు తిరిగి నీడలో కూర్చున్నాడట. ఎవరితోనూ మాట్లాడలేదు, మాట్లాడే ఓపిక లేదు. స్పీకరు సంగతి చెప్తే తువ్వాలు మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు అడిగాడు, "ముందు దగ్గాడా?"

దగ్గు మాట నేను ఆయనకు ఇంకా చెప్పలేదు. సారా కూడా చెప్పలేదు.

"మా బస్టాండు ఎంక్వైరీలో కోటయ్య ఉండేవాడమ్మా. మైకు పట్టుకుంటే ముందు రెండుసార్లు దగ్గాల్సిందే, లేకపోతే గొంతు లేవదు. నువ్వు పుట్టకముందే పోయాడు" అన్నాడు నాన్న. నేనాయన్ను చూడలేదు. ఆ గొంతు వినే అవకాశమే లేదు.

తర్వాత ఖాజా రైల్వేవాళ్లను అడిగాడు. ఆ స్పీకర్లలో ఎక్కడో దూరాన్నుంచి రికార్డు చేసిన జర్మన్ తప్ప ఇంకేదీ రాదన్నారు. అంతకుమించి నాకు తెలియదు. తెలిసినట్టు నటించను.

తిరుగు రైల్లో ఎదురెదురు సీట్లలో నలుగురం కూర్చున్నాం. నాన్న లేచి, నడవకు అవతలున్న ఖాళీ సీటు మీద తువ్వాలు పరిచి వచ్చి కూర్చున్నాడు. మామూలుగానైతే ఈపాటికి నేను కేకలేసి తీయించేదాన్ని. తర్వాతి స్టేషన్లో ఒకావిడ ఎక్కి, ఆ సీటు ఖాళీయేనా అని సైగ చేసి అడిగింది.

"సారీ," అన్నాను ఇంగ్లీషులో, "మనిషి ఉన్నారు."